బోర్డర్ కోలీ పెంపకం: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో కుక్కలకు శిక్షణ ఇవ్వడం నా వృత్తి. "తెలివైన జాతి అంటే తెచ్చుకున్నాం, ఇల్లు పీకి పందిరేస్తోందండీ" అని బోర్డర్ కోలీల కోసం ఫోన్లు వస్తుంటాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల్లో గొర్రెల మందలు తోలడానికి తరతరాలుగా ఏరి ఏరి పెంచిన జాతి ఇది. పేరులోని 'బోర్డర్' ఆ సరిహద్దే. పనికోసం పుట్టిన కుక్కకు పని చూపించకపోతే అదే వెతుక్కుంటుంది.

అపోహ: తెలివైనది కాబట్టి పెంచడం తేలిక.

వాస్తవం: మనకు అక్కర్లేనివి కూడా అంతే వేగంగా నేర్చుకుంటుంది. మొరిగినప్పుడల్లా బయటికి తీసుకెళ్లారనుకోండి, నాలుగు రోజుల్లో మీ చెప్పుల చప్పుడుకే మొరుగుడు మొదలవుతుంది. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ 1,022 బొమ్మల పేర్లు నేర్చుకుంది. దానికోసం జాన్ పిల్లీ అనే రిటైర్డ్ సైకాలజీ ప్రొఫెసర్ రోజుకు నాలుగైదు గంటలు కూర్చున్నారు. ఆ సంగతి కూడా గుర్తుంచుకోండి.

అపోహ: బాగా పరిగెత్తిస్తే అలసిపోయి పడుకుంటుంది.

వాస్తవం: ఎక్కువ నష్టం నేను ఇక్కడే చూస్తున్నాను. మణికొండలో ఒకాయన తన ఏడాదిన్నర కుక్కకు రోజూ సాయంత్రం గంటన్నర బంతి విసిరేవారు. రాత్రిళ్లు లేజర్ లైటుతో ఆట. నేను వెళ్లేసరికి అది హాల్లో గోడకేసి నిలబడి ఉంది. ఆయన చేతి గడియారం మెరుపు గోడమీద కదిలితే చాలు, తల అటే తిరిగేది. పేరు పెట్టి పిలిచినా చెవి కూడా కదపలేదు.

రోజూ పరుగు పెంచుకుంటూ పోతే ఒంటికి దమ్ము పెరుగుతుందే కానీ మనసు నెమ్మదించదు. లేజర్ మానేయించాను, బంతి పది విసుర్లకు కుదించాను. గిన్నెలో పోసే తిండిని పాత తువ్వాలు మడతల్లో, అట్టపెట్టెల్లో దాచి వాసనతో వెతికించాం. చాప మీద ఊరికే పడుకుంటే ఒక్కో ముక్క ఇచ్చాం. చాప మీద కునుకు తీయడానికి దానికి నెల పైనే పట్టింది. ఊరికే ఉండటం కూడా ఈ జాతికి నేర్పాల్సిన విద్యే.

అపోహ: ఫామ్‌హౌస్ ఉన్నవాళ్లే పెంచాలి.

వాస్తవం: ఎకరం స్థలంలో ఒంటరిగా వదిలేస్తే కంచె వెంట తిరుగుతూ మొరుగుతుంది. దానితో పని చేయించే మనిషుంటే రెండు గదుల ఫ్లాటైనా చాలు.

అపోహ: పిల్లల్ని కరవబోతోంది, కోపిష్టిది.

వాస్తవం: పరిగెత్తే పిల్లలు దాని కంటికి మంద. తల దించి, ఒళ్లు వంచి, రెప్పవేయకుండా చూస్తూ చుట్టేస్తుంది, మడమల దగ్గర నోరు పెడుతుంది. చాలాసార్లు అది కోపం కాదు, మంద తోలే గుణం. అయినా పన్ను పన్నే. చిన్నపిల్లలతో ఒంటరిగా వదలొద్దు, బైకులు తిరిగే రోడ్డు మీద లీషు తీయొద్దు.

అపోహ: ఎండాకాలం గుండు గీయిస్తే చల్లగా ఉంటుంది.

వాస్తవం: రెండు పొరల బొచ్చు చర్మాన్ని ఎండనుంచి కాపాడుతుంది. రాలే లోపలి పొరను దువ్వి తీయండి చాలు. తెల్లవారుజామునే నడిపించండి. ఈ జాతిలో కొన్ని కుక్కలు పది నిమిషాల గట్టి పరుగుకే తూలిపోతాయి. దాన్నే బోర్డర్ కోలీ కొలాప్స్ అంటారు. ఎండ లేనప్పుడు కూడా రావచ్చు. వెనక కాళ్లు ఈడుస్తోందంటే ఆట అక్కడే ఆపేసి నీడకు చేర్చండి, ఒంటిమీద నీళ్లు పోయండి, తేరుకున్నా సరే అదే రోజు డాక్టరుకు చూపించండి.