రెండో రోజు పండుగ

ప్రియమైన పిల్లలూ,

మొన్న ఫోన్‌లో మీలో పెద్దది ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగుతానంది. వెంటనే వాళ్ల నాన్న "లాంగ్ టర్మ్ కోచింగా?" అని అడిగాడు. మన దగ్గర ఇంటర్ తర్వాత ఏడాది ఆగడం అంటే అదొక్కటే కదా, హాస్టల్‌లో కూర్చుని అవే పుస్తకాలు మళ్లీ చదవడం. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు జెరూసలేంలో చూసిన ఒక అమ్మాయి గుర్తొస్తోంది. ఆ పిల్ల కూడా స్కూలు అయ్యాక ఒక ఏడాది ఆగింది. ఆ సంగతి మీకు తీరిగ్గా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను జెరూసలేంలో ఒక ముసలావిడను చూసుకునే కేర్‌గివర్ పనిలో ఉండేదాన్నని మీకు తెలుసు. మన నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఆ పనికి వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆవిడను నేను సవ్తా అని పిలిచేదాన్ని. హీబ్రూలో నానమ్మకైనా అమ్మమ్మకైనా ఆ ఒక్క మాటే. సవ్తా కొడుకు అమెరికాలో, న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. ఆయన కూతురు 2018 ఆగస్టు చివర్లో రెండు పెద్ద సూట్‌కేసులతో వచ్చి దిగింది. అప్పటికి దానికి పద్దెనిమిదేళ్లు. అమ్మాయిలు మత గ్రంథాలు చదువుకునే ఒక విద్యాలయంలో చేరింది. వాళ్ల విశ్రాంతి దినమైన శనివారాలకూ పండుగలకూ మా ఇంటికి వచ్చేది.

అమెరికా, ఇంగ్లండ్, కెనడాల నుంచి యూదుల పిల్లలు చాలామంది ఇలా స్కూలు అయ్యాక, కాలేజీకి ముందు, ఒక ఏడాది ఇజ్రాయెల్‌కు వస్తారు. కొందరు మత విద్య చదువుతారు, కొందరు కిబ్బుట్జ్ అనే ఉమ్మడి సేద్యపు ఊళ్లలో పనిచేస్తారు, కొందరు అంబులెన్సుల్లో సేవ చేస్తారు. దాన్ని వాళ్లు "షనా బా-ఆరెట్స్" అంటారు, అంటే "దేశంలో ఒక ఏడాది". ఏ దేశమో చెప్పరు. మా పిల్ల పుట్టి పెరిగింది అమెరికాలోనే అయినా "దేశం" అన్నప్పుడు దాని మనసులో ఉన్నది ఇదే.

అది వచ్చిన కొత్తలో నాతో ఒక మాట చెప్పింది. న్యూజెర్సీలో పండుగ వస్తే టీచరు దగ్గరికి వెళ్లి సెలవు అడగాలట, ఎందుకో వివరించాలట, పోయిన పరీక్ష మళ్లీ రాయాలట. ఇక్కడ ఎవరికీ ఏదీ వివరించక్కర్లేదు. యోమ్ కిప్పూర్ రోజు దానికి ఆ సంగతి కళ్లారా కనిపించింది. మన తెలుగు బైబిలు చదివేవాళ్లు ప్రాయశ్చిత్త దినం అంటారే, అదే. ఇరవై ఐదు గంటల కటిక ఉపవాసం. మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ రోజు దేశంలో దాదాపు ఎక్కడా బండి కదలదు. విమానాశ్రయం మూసేస్తారు, టీవీ ఆగిపోతుంది. ఖాళీ రోడ్ల నిండా పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. తెల్లబట్టలు కట్టుకున్నవాళ్లు నడిరోడ్డు మీద మెల్లగా నడుచుకుంటూ ప్రార్థనకు వెళ్తుంటారు. తోలు చెప్పులు వేసుకోరు, గుడ్డ బూట్లే. నేను సవ్తాను చక్రాల కుర్చీలో రోడ్డు మధ్య నుంచి తోసుకుంటూ వెళ్తుంటే ఆ పిల్ల పక్కన నడుస్తూ, అటూ ఇటూ చూస్తూ, ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

వాళ్ల పంచాంగం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది. వాళ్ల నెలలు కూడా మనలాగే చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. మనకు అధిక మాసం వచ్చినట్టే వాళ్లకూ వస్తుంది. పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు. మనకు 2018లో అధిక జ్యేష్ఠం వచ్చింది, వాళ్లకు 2019లో అదారు నెల రెండుసార్లు వచ్చింది. ఒక తేడా ఏమిటంటే మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, వాళ్లకు సూర్యాస్తమయంతో. అందుకే ప్రతి పండుగా ముందురోజు సాయంత్రమే వచ్చేస్తుంది.

యోమ్ కిప్పూర్ అయిన ఐదో రోజున సుక్కోత్. తెలుగు బైబిలులో దీని పేరు పర్ణశాలల పండుగ. నాకు ఆ పేరే ఇష్టం. భద్రాచలం దగ్గరి పర్ణశాలకు మనం వెళ్లిన రోజు గుర్తొస్తుంది. ఐగుప్తు, అంటే ఈజిప్టు నుంచి బయటపడిన తమ పెద్దలు ఎడారిలో పాకల్లో బతికారని చాలా ఇళ్లవాళ్లు బాల్కనీలోనో వాకిట్లోనో ఒక పాక వేసుకుని వారం రోజులు అందులో తింటారు. కొందరు పడుకుంటారు కూడా. కప్పు ఆకులతోనో కొమ్మలతోనో వేయాలి, రాత్రి సందుల్లోంచి చుక్కలు కనిపించాలి. పైన ఇంకో బాల్కనీ అడ్డం ఉంటే పాక చెల్లదు. అందుకని జెరూసలేంలో కొన్ని అపార్ట్‌మెంట్లలో బాల్కనీలు ఒకదాని మీద ఒకటి రాకుండా, పక్కకు జరిపి కట్టారు. మా పాకకు ఖర్జూర మట్టలు నేనూ ఆ పిల్లా కలిసి వేశాం. కట్లు నేను వేసినవే. మన పెళ్లిపందిళ్లకు చిన్నప్పటి నుంచి కట్టిన చేతులు కదా.

ఆ పండుగకు నాలుగు రకాలు చేతపట్టి ప్రార్థించాలి: విచ్చుకోని ఖర్జూర మొవ్వు, రెండు రకాల రెమ్మలు, ఒక పండు. ఆ పండు చూడగానే పోల్చుకున్నాను, మన మాదీఫలమే! బజారులో పెద్దమనుషులు భూతద్దం పెట్టి ఒక్కో కాయనూ తిప్పి తిప్పి చూస్తారు, మచ్చ ఉండకూడదని. ఆ పిల్ల రెండు గంటలు వెతికి ఒకటి తెచ్చింది. సవ్తా దాన్ని వాసన చూసి బాగుందంది.

ఇక అసలు సంగతికి వస్తాను. పాకల వారం ముగిశాక వచ్చే రోజు సిమ్‌హత్ తోరా, ధర్మగ్రంథపు చుట్టలు ఎత్తుకుని నాట్యం చేసే రోజు. ఆ ఏడాది అది అక్టోబరు 1, సోమవారం. రాత్రికి పండుగ అయిపోయింది. మంగళవారం పొద్దున బస్సులు తిరుగుతున్నాయి, పక్కింటాయన పాక విప్పుతున్నాడు, నేను వాషింగ్ మెషీన్ వేశాను. ఆ పిల్ల మాత్రం పట్టుబట్టలాంటి కొత్త గౌను వేసుకుని గదిలోంచి వచ్చింది. పండుగ రోజు పాటించినట్టే ఫోన్ ముట్టుకోలేదు, లైటు వేయలేదు. "ఇవాళ నాకు పండుగ" అంది.

నాకు అర్థం కాలేదు. సవ్తా వివరించింది. వెనకటి కాలంలో నెల ఎప్పుడు మొదలైందో లెక్కకట్టి కాదు, చూసి చెప్పేవారట. నెలవంకను చూసినవాళ్లు జెరూసలేంకు వచ్చి న్యాయపెద్దల ముందు సాక్ష్యం చెబితే అప్పుడు నెల పుట్టినట్టు. ఆ కబురు దూరాన బబులోనులో ఉన్న తమవాళ్లకు అందాలి. మొదట్లో ఒలీవల కొండ మీద మంట వెలిగిస్తే, అది చూసి అవతలి కొండ మీద, దాన్ని చూసి ఇంకో కొండ మీద, అలా మంటలే కబురు మోసేవి. గిట్టనివాళ్లు దొంగ మంటలు వెలిగించి గందరగోళం చేసేసరికి మనుషులను పంపడం మొదలుపెట్టారు. మనిషి నడిచి చేరేలోపు పండుగ వచ్చేసేది. ఇవాళా రేపా తెలియదు. అందుకని దూరాన ఉన్నవాళ్లు రెండు రోజులూ చేసుకున్నారు. తర్వాత లెక్కల పంచాంగం స్థిరపడింది, అనుమానం తీరిపోయింది. అయినా పెద్దలు చేసినదాన్ని వదలకూడదని బయటి దేశాల్లో చాలామంది నేటికీ రెండు రోజులు చేస్తున్నారు. ఇజ్రాయెల్‌లో ఒక్కరోజే.

మరి ఏడాది కోసం వచ్చిన పిల్లలు ఎన్ని రోజులు చేయాలి? దీని మీద వాళ్ల పండితులకే ఏకాభిప్రాయం లేదు. తిరిగి వెళ్లేవాళ్లు కాబట్టి రెండు రోజులు అని ఎక్కువమంది అంటారు. ఉన్నచోటి పద్ధతే, ఒకటే రోజు అని కొందరు. రెండో రోజు పండుగ ప్రార్థనలు వద్దు గాని పనులు మాత్రం మానెయ్యాలని ఇంకొందరు. ఆ పిల్ల వెళ్లి తన గురువును అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశాడట. "ఏడాది అయ్యాక ఎక్కడికి వెళ్తావు? మీ అమ్మానాన్నలు ఎక్కడ ఉన్నారు?" న్యూజెర్సీ అని చెప్పింది. అయితే రెండు రోజులు అన్నాడు.

"నా ఇల్లు ఇక్కడ కాదని రోజంతా గుర్తుచేసే పండుగ ఇది" అని ఆ పిల్ల చిన్నబుచ్చుకుంది. తనలాంటి పిల్లలంతా ఒక హాలులో చేరి మళ్లీ నాట్యం చేస్తారంటే నడుచుకుంటూ వెళ్లింది. కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. బస్సులు, కూరగాయల సంచులు, ఆఫీసులకు పరుగులు. వాటి మధ్య ఒక్క పిల్ల పండుగ బట్టల్లో.

ఆ నెలలోనే మన సద్దుల బతుకమ్మ వచ్చింది, బుధవారం. అక్కడ మనవాళ్లకు సెలవు దొరికేది శనివారమే. శుక్రవారం బస్సులు ఆగకముందే టెల్ అవీవ్ చేరుకుని, మన ఆడవాళ్లమంతా కలిసి బతుకమ్మ పేర్చాం. తంగేడు లేదు, గునుగు లేదు. బజారులో దొరికిన చామంతులే. ఆదివారం తిరిగొచ్చాక ఫోటోలు చూపిస్తే ఆ పిల్ల ఒక్కటే అడిగింది. "అసలు రోజు ఎప్పుడు?" బుధవారం అన్నాను. "బుధవారం ఏం చేశావు?" సవ్తాకు స్నానం చేయించి సూప్ కాచాను అన్నాను. అది నా చేయి పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. ఆ రోజు నుంచి మేమిద్దరం బాగా దగ్గరయ్యాం.

తర్వాతి పండుగల్లో కూడా ఇక్కడ, అక్కడ అనే తేడా నాకు కనిపిస్తూనే ఉంది. చలికాలంలో హనుక్కా, ఎనిమిది రోజుల దీపాల పండుగ. జెరూసలేంలో వీధి గుమ్మం దగ్గర గాజు పెట్టెల్లో నూనె దీపాలు పెడతారు, గాలికి ఆరకుండా. పిల్లలు ఆడే చిన్న బొంగరం మీద నాలుగు అక్షరాలుంటాయి. న్యూజెర్సీ బొంగరం మీది అక్షరాలకు అర్థం "గొప్ప అద్భుతం అక్కడ జరిగింది". ఇజ్రాయెల్ బొంగరం మీద చివరి అక్షరం మారి "ఇక్కడ జరిగింది" అవుతుంది. ఆ పిల్ల చిన్నప్పటి బొంగరం తెచ్చుకుంది. రెంటినీ పక్కపక్కన పెట్టి నాకు చూపించింది. పూరిమ్ వేషాల పండుగ. 2019లో సరిగ్గా మన హోలీ రోజే, మార్చి 21న వచ్చింది. కానీ జెరూసలేంలో ఒకరోజు ఆలస్యంగా 22న చేశారు, పాతకాలపు కోటగోడల ఊళ్లకు వేరే రోజు కాబట్టి.

పండుగలు కాని రెండు రోజులు కూడా చెప్పాలి. వసంతంలో, నాజీల చేతిలో చనిపోయినవాళ్ల కోసం ఒక రోజు, యుద్ధాల్లో పోయిన సైనికుల కోసం ఇంకో రోజు దేశమంతా సైరన్ మోగుతుంది. హైవే మీద కార్లు ఆపి, దిగి, తలవంచుకుని నిలబడతారు. సైనికుల రోజు సాయంత్రం చీకటి పడగానే స్వాతంత్ర్య దినం మొదలవుతుంది. కన్నీళ్లు తుడుచుకుని వెంటనే పాటలు. నేను మందులు కొనే దుకాణంలో ఒక అరబ్బు అబ్బాయి పనిచేసేవాడు. ఆ పాటల రోజు, ఆ దేశం ఏర్పడినప్పుడు తన తాత ఇల్లు పోగొట్టుకున్న రోజులను తలుచుకుంటామని చెప్పాడు. అదీ అక్కడే ఉన్న మాట, మీకు చెప్పకుండా ఉండలేను. 2023 అక్టోబరు 7న గాజా సరిహద్దు ఊళ్ల మీద దాడి జరిగి అంతమందిని చంపిన పొద్దున కూడా సిమ్‌హత్ తోరాయే. టీవీలో చూసినప్పుడు నాకు ముందు ఆ కొత్త గౌనే కళ్లముందు కదిలింది. ఆ తర్వాత గాజాలో పోయిన పిల్లల ముఖాలు చూశాను. ఆ రెండూ నా మనసులోంచి పోలేదు.

పస్కాను చివరికి దాచుకున్నాను. ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడినందుకు చేసుకునే పండుగ అది, ఆ వారం పులిసిన రొట్టె తినరు. పస్కాకు ముందు ఇంట్లో రొట్టె ముక్క, పిండి నలుసు లేకుండా దులపాలి. మేము పది రోజులు దులిపాం. సవ్తా వాళ్లు పోలండ్ యూదులు, ఆ వారం అన్నం కూడా తినరు. కింది అంతస్తులో ఇరాక్ నుంచి వచ్చినవాళ్లు తింటారు. ఆ ఇంటావిడ బియ్యాన్ని మూడుసార్లు ఏరుతుంది, గోధుమ గింజ ఒక్కటీ ఉండకూడదని. చాటలో బియ్యం ఏరుతున్న ఆమె చేతులు చూస్తే నాకు మా అమ్మే అనిపించింది. ఒక గిన్నెడు అన్నం పెట్టి "ఇక్కడే తినేసి వెళ్లు" అంది.

ఆ ఏడు పస్కా రాత్రి శుక్రవారం, ఏప్రిల్ 19. మన చైత్ర పౌర్ణమి, హనుమాన్ జయంతి. ఆ రాత్రి ఇరవై మందితో భోజనం, పాటలు. శనివారం చీకటి పడ్డాక సవ్తాకు పండుగ రోజు ముగిసింది. ఆ పిల్లకు మాత్రం రెండో రాత్రి. తన తరగతి పిల్లలు ఇద్దరిని పిలుచుకుంది. నిప్పు కొత్తగా రాజేయకూడదు కాబట్టి శుక్రవారం నుంచి వెలుగుతున్న పెద్ద దీపం నుంచి కొవ్వొత్తులు ముట్టించింది. పులియని రొట్టెలు, చేదు ఆకులు, ఉప్పునీళ్లు మళ్లీ బల్ల మీదికొచ్చాయి.

ఆ రాత్రి అందరికంటే చిన్నవాళ్లు ఒక ప్రశ్న అడగాలి: "ఈ రాత్రికీ మిగతా రాత్రులకూ తేడా ఏమిటి?" ముగ్గురూ ఒకే ఈడు, ఎవరు అడగాలా అని చూసుకుంటున్నారు. పడుకోబెట్టిన సవ్తా లోపలి నుంచి నన్ను పిలిచింది. నైట్‌గౌను మీదే శాలువా కప్పి కుర్చీలో తీసుకొచ్చాను. "నేను అడుగుతాను. నాకు ఇవాళ మామూలు రాత్రే, తెలియనిదాన్ని నేనే" అంది. ఎనభై ఆరేళ్ల మనిషి, సన్నని గొంతుతో, చిన్నపిల్లల రాగంలో పాడింది. ఆ పిల్ల పుస్తకం తెరిచి, "మేము ఐగుప్తులో బానిసలం" అని మొదలుపెట్టి, నానమ్మకు జవాబు చెప్పడం మొదలుపెట్టింది.

అర్ధరాత్రి దాటాక చివరి మాట వచ్చింది. బయటి దేశాల్లో "వచ్చే ఏడు జెరూసలేంలో" అంటారు. జెరూసలేంలో ఉన్నవాళ్లు "తిరిగి కట్టిన జెరూసలేంలో" అని ఒక మాట కలుపుతారు. మిగతా ఇద్దరూ కలిపి అన్నారు. ఆ పిల్ల మాత్రం న్యూజెర్సీలో వాళ్ల నాన్న ఇంట్లో అన్నట్టే, ఏదీ కలపకుండా అంది. అది విని సవ్తా, "జూన్‌లో వెళ్లిపోతావు కదా, నువ్వు అలాగే అనాలి" అంది. ఆ పిల్ల లేచి, జారిన శాలువాను సవ్తా భుజం మీదికి సర్ది, ఆ మాట మళ్లీ ఒకసారి అంది.

మీ అమ్మమ్మ