దామగుండం: జీవోలో కనిపించని నీళ్లు

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవి ఎప్పుడు చర్చకొచ్చినా పార్టీల వాదన ఒక్కచోటే తిరుగుతుంది. నౌకాదళానికి అడవిని రాసిచ్చింది ఎవరు? కాంగ్రెస్ 2017 నాటి జీవోను బయటికి తీస్తుంది, బీఆర్ఎస్ 2024 జనవరి నాటి సంతకాలను చూపిస్తుంది. ఇప్పుడూ అదే నడుస్తోంది. అనంతగిరి కొండలు, అక్కడ మూసీ నది పుట్టుక, ఈ అడవిలో నౌకాదళం కట్టతలపెట్టిన, జలాంతర్గాములకు సందేశాలు పంపే స్టేషన్ గురించి ఇప్పటికే చాలా రాశారు. ఈ గొడవ ఇంతగా ముదరడానికి కారణం తెలియాలంటే మాత్రం 2017 డిసెంబరుకు వెళ్లాలి.

అప్పటికే వ్యవహారం చాలా దూరం వచ్చేసింది. నౌకాదళం ఈ చోటును 2010లోనే ఎంచుకుంది. 2014లో కేంద్రం నుంచి అనుమతి వచ్చింది. 2017 డిసెంబరులో అప్పటి టీఆర్ఎస్ ప్రభుత్వం జీవో 44 ఇచ్చింది. 1,174 హెక్టార్లు, అంటే దాదాపు 2,900 ఎకరాల రిజర్వు ఫారెస్టు బదలాయింపునకు దారి పడింది అక్కడే. కాంపా, అంటే అడవి పోయినందుకు పరిహారంగా కట్టే నిధి కింద రూ.133.54 కోట్లు, నేలలో తేమను కాపాడే పనుల కోసం రూ.18.56 కోట్లు నౌకాదళం చెల్లించింది. కాంపా సొమ్మును ఎకరాలతో భాగించి చూస్తే ఎకరానికి నాలుగున్నర లక్షల పైచిలుకు వస్తుంది. వాన నీటిని ఇంకించుకుని మెల్లమెల్లగా వాగుల్లోకి వదిలే అడవికి కట్టిన వెల అది.

ఆ లెక్క ఎలా వేస్తారో కూడా చూడాలి. అడవిని ఇతర అవసరాలకు మళ్లిస్తే దాని నికర ప్రస్తుత విలువ, అంటే ఆ అడవి ఇచ్చే ప్రయోజనాలకు ఇప్పటి లెక్కలో ధర కట్టాలన్నది అడవుల రక్షణపై నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశాల నుంచి వచ్చిన పద్ధతి. అడవి రకాన్నిబట్టి, దట్టాన్నిబట్టి హెక్టారుకు ఇంత అని రేటు ఉంటుంది. ఆ అడవి ఏ నది నెత్తిన ఉంది, కింద ఎవరి చెరువు నింపుతోంది అన్నదానికి అందులో చోటు తక్కువ. ప్రత్యామ్నాయంగా అడవి పెంచే విషయంలోనూ మామూలు ప్రాజెక్టులకు ఒక నియమం, కేంద్ర ప్రభుత్వ సంస్థలకు ఒక వెసులుబాటు. మామూలుగానైతే పోయిన అడవికి సమానమైన అటవీయేతర భూమి చూపించాలి. కేంద్ర సంస్థలైతే క్షీణించిన అటవీ భూమిలోనే రెట్టింపు విస్తీర్ణంలో మొక్కలు నాటవచ్చు. అంటే ఉన్న అడవిలోనే మొక్కలు నాటుతారు తప్ప కొత్తగా ఒక్క ఎకరం కూడా అడవిలో కలవదు. పైగా ఆ మొక్కలు మరో పరివాహక ప్రాంతంలో పెరిగితే మూసీకి వచ్చేదేమీ ఉండదు.

నౌకాదళం వాదన సూటిగా ఉంది. అతి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు మాత్రమే సముద్రపు నీటిలోకి కొంత లోతు వరకు దిగుతాయి. వాటి తరంగదైర్ఘ్యం 10 నుంచి 100 కిలోమీటర్లు కాబట్టి ఎత్తైన టవర్లు, వాటి మధ్య తీగలు, చుట్టూ విశాలమైన స్థలం తప్పవు. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990 నుంచి ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ నడుస్తూనే ఉందని, అక్కడ ఎవరికీ హాని జరగలేదని, దామగుండంలోనూ చాలా భాగం పచ్చగానే ఉంటుందని చెబుతున్నారు.

చుట్టుపక్కల ఊళ్ల మాట ఇంతకంటే లోతైనది. తమను ఎవరూ అడగలేదన్నది వాళ్ల మొదటి బాధ. పశువుల్ని తోలుకెళ్లే అడవికి కంచె పడుతుంది. లోపల రామలింగేశ్వరస్వామి గుడి ఉంది. అక్కడికి దారి మూయబోమన్న హామీ నోటిమాటగా మిగలకూడదని వాళ్ల పట్టుదల. ఉద్యమకారులు 12 లక్షల చెట్లు పోతాయంటే అంత ఉండదని అధికారులు ఖండించారు. ఆనాటి నుంచి చర్చంతా చెట్ల సంఖ్య చుట్టూనే తిరిగింది. నిజానికి ఊళ్ల వాళ్లు మొదటినుంచీ అడుగుతున్నది నీళ్ల గురించి. ఇలాంటి స్టేషన్లకు నేల కింద కూడా విస్తారంగా తీగల వల పరుస్తారు, రోడ్లు, క్వార్టర్లు వస్తాయి. నేల చదునైతే వాన ఇంకదు, పారిపోతుంది. దిగువన హైదరాబాద్‌లో మూసీ ప్రక్షాళన గురించి మాట్లాడుతూ ఎగువన అడవిని తవ్వడమేమిటన్న వాళ్ల ప్రశ్నకు ఏ ప్రభుత్వమూ సూటిగా జవాబివ్వలేదు.

2024 జనవరిలో రేవంత్ రెడ్డి ప్రభుత్వం భూమి అప్పగించింది. అక్టోబరు 15న రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తమ హయాంలో పదేళ్లు ఒత్తిడిని తట్టుకుని భూమి ఇవ్వలేదని కేటీఆర్ అన్నారు. భూమి చేతులు మారనివ్వలేదన్న మేరకు అది నిజమే. జీవో 44ను మాత్రం ఆ హయాంలో ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇక 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు, 400 ఎకరాలకు కదిలిన నగరం 2,900 ఎకరాలకు ఎందుకు కదల్లేదని పూడూరు వైపు నుంచి అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

సైన్యానికి నేలను చూసుకోవడం చేతకాదని ఎవరూ అనరు. సున్నపురాయి గనులతో బోడిగా మారిన ముస్సోరీ కొండలను తిరిగి పచ్చగా చేసింది టెరిటోరియల్ ఆర్మీకి చెందిన 127వ ఎకో బెటాలియనే. 1982లో మాజీ సైనికులతో దాన్ని నెలకొల్పారు. మొక్క నాటి వదిలేయకుండా చెక్‌డ్యాములు కట్టారు, మేతను అదుపు చేశారు, ఏళ్ల తరబడి అక్కడే కాపలా ఉన్నారు. 128వ బెటాలియన్ రాజస్థాన్ ఎడారిలో ఇసుక మేటల మీద అదే పని చేసింది. చిత్తశుద్ధి ఉంటే యూనిఫాం వేసుకున్నవాళ్లు ఏం చేయగలరో అక్కడ కళ్లారా చూడొచ్చు.

దామగుండంలోనూ ఆ పని మొదలుపెట్టడానికి రూ.18.56 కోట్లు ఉన్నాయి. ఆ డబ్బుతో ఏ వాగు మీద ఏం కట్టారు, ఎక్కడ కందకాలు తవ్వారు, తవ్వకం మొదలయ్యాక బావుల్లో నీటిమట్టం ఎంత మారింది అన్నవి ఊరి పంచాయతీ గోడ మీద రాసిపెట్టాలి. గుడికి దారి, పశువుల దారి జీవో రూపంలో రావాలి. 2027కల్లా స్టేషన్ పూర్తి చేయాలన్నది లక్ష్యం. కంచె మొత్తం మూసుకున్నాక బయటివాళ్లు లోపలికెళ్లి చూసే వీలు ఉండదు కాబట్టి, ఇవన్నీ ఆలోపే తేల్చాలి.