బంగారు కొమ్ముల పద్యం

చిట్టితల్లీ,

మీ డేనిష్ టీచర్ పద్యం ఇచ్చి ఛందస్సు వివరించమన్నారట, నువ్వు టెన్షన్ పడుతున్నావని అమ్మ చెప్పింది. నాకు డేనిష్ రాదు. కానీ ముప్పై ఏళ్లు క్లాసులో గురులఘువులు చెప్పినవాణ్ణి, ఊరుకోలేను కదా. ఆ పద్యం చదివిన రికార్డింగ్ పదిసార్లు విన్నాను. తమ్ముడికీ చదివి వినిపించు.

ముందు కథ. డెన్మార్క్‌లో గాలెహూస్ అనే ఊరి దగ్గర 1639లో ఒక పల్లెటూరి పిల్లకు బంగారు కొమ్ము దొరికింది. 1734లో ఆ పక్కనే ఒక రైతుకు రెండోది దొరికింది. 1802లో ఒక కంసాలి ఆ రెండిటినీ కోపెన్‌హాగన్‌లో దొంగిలించి కరిగించేశాడు. ఆ ఏడాదే ఆడమ్ ఓలెన్‌ష్లేగర్ అనే కుర్రకవి ఈ పద్యం రాశాడు.

మనకు 'న' లఘువు, 'నా' గురువు. అంటే పలకడానికి పట్టే సమయాన్ని బట్టి లెక్క. డేనిష్‌లో అలా కాదు, గొంతు ఎక్కడ ఒత్తి పలుకుతుందో చూడాలి. మొదటి పాదంలో ఆరక్షరాలు, రెండోదాంట్లో ఐదే. అయినా తాళం తప్పదు, రెండిట్లోనూ ఒత్తి పలికేవి రెండే. బల్ల మీద వేలితో కొడుతూ చదువు. పాత పుస్తకాల్లో, తవ్విన దిబ్బల్లో వెతికేవాళ్ల గురించి కదా ఈ పాదాలు! గడ్డపారతో నేలను పొడిచి చూస్తున్నట్టే ఉంటుంది.

ప్రాస సులువు. మనలా రెండో అక్షరంలో కాదు, పాదం చివర వస్తుంది. హోయె అంటే దిబ్బలు, ఓయె అంటే కన్ను. ఇలా జంటలు జంటలుగా నడుస్తాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 'స్వెర్ ఓ స్క్యోలె'. కత్తులు, డాళ్లు అని. రెండు మాటలకూ మొదట సకారమే. మన యతికి దూరపు చుట్టం అనుకో. ఇది ఆ దేశాల్లో చాలా పాత అలవాటు. రెండోసారి దొరికిన చిన్న కొమ్ము మీద ఒక వాక్యం చెక్కి ఉండేది: 'ఎక్ హ్లెవగస్తిజ్ హోల్తియజ్ హోర్న తవిదో'. ఈ కొమ్మును చేసింది నేనే అని చేసినవాడు పేరు రాసుకున్నాడు. వరసగా మూడు హకారాలు విన్నావా? సుమారు పదహారు వందల ఏళ్ల కిందటి రాత అది. కొమ్ము కరిగిపోయినా అంతకు ముందే గీసుకున్న బొమ్మ ఉండబట్టి మనకు మిగిలింది.

చివరికొచ్చేసరికి నడక మారిపోతుంది. ఆఖరి రెండు పాదాల్లో ఒత్తి పలికేవి నాలుగేసి, అదీ మొదటి అక్షరం నుంచే. ఇచ్చినదాన్ని దేవతలు తిరిగి తీసేసుకున్నారని అక్కడే చెప్తాడు. ఎందుకు సాగదీశాడో టీచర్‌కు నీ మాటల్లో రాయి, నేను చెప్పను. ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఆ రెండు పాదాలూ నీ గొంతుతో వినాలి. రికార్డింగ్‌లో ఆయన మరీ గబగబా చదివేశాడు.

తాతయ్య