తోటకి టికెట్ పెట్టిన రోజుల నుంచీ ఉన్న గొడవే ఇది

లండన్‌లో ఎండాకాలం వస్తే చాలు, పార్కుల చుట్టూ కంచె కట్టి టికెట్ పెట్టి మ్యూజిక్ ఫెస్టివల్స్ చేస్తున్నారని చుట్టుపక్కలవాళ్ళు మండిపడుతుంటారు. ఇది కొత్త తగాదా కాదు, థేమ్స్ నదికి అవతల వాక్స్‌హాల్‌లో దాదాపు మూడొందల ఏళ్ళ కిందటే ఇలాంటి వ్యాపారం మొదలైంది.

వాక్స్‌హాల్ తోట అంతకుముందు నుంచే ఉంది, 1729లో జొనాథన్ టయర్స్ అనే వ్యాపారి లీజుకి తీసుకున్నాక దాని రాత మారింది. 1732 జూన్‌లో యువరాజు ఫ్రెడరిక్‌ని పిలిచి పెద్ద వేడుక చేశాడు, ఆ తర్వాత ప్రవేశం ఒక షిల్లింగ్‌కి దించాడు, అదే రేటు 1792 దాకా నడిచింది. కూలివాళ్ళకి అదీ భారమే, కానీ షాపు నడుపుకునేవాడు కూడా దొరలు తిరిగే బాటలోనే దర్జాగా తిరగొచ్చు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదండీ. సాయంత్రం అయితే ఆర్కెస్ట్రా, చీకటి పడగానే ఒక ఈల వినపడేది, పనివాళ్ళు ఎక్కడికక్కడ వత్తులు అంటిస్తే చెట్ల నిండా దీపాలు ఒక్కసారిగా వెలిగేవి. తిండి మాత్రం మహా ఖరీదు, హామ్ (పంది మాంసం) ముక్కలు కాగితమంత పల్చగా కోస్తారని జనం తిట్టుకునేవాళ్ళు.

అయినా టయర్స్‌ని నేను ఉత్త వ్యాపారి అనను, ఎందుకంటే హ్యాండెల్ బతికుండగానే 1738లో ఆయన పాలరాతి విగ్రహం చెక్కించి తోటలో పెట్టాడు, మామూలు జనం ఒక సంగీతకారుడిని అంత గౌరవంగా చూసేలా చేశాడు. 1749లో అదే హ్యాండెల్ బాణసంచా వేడుక కోసం రాసిన సంగీతానికి ఈ తోటలోనే రిహార్సల్ పెడితే 12,000 మంది వచ్చారని, లండన్ బ్రిడ్జి మీద మూడు గంటలు బండ్లు కదల్లేదని అప్పటి పత్రికలు రాశాయి.

తర్వాతి తరంలో తోటకి ముఖం సింప్సన్. నల్ల బట్టలు, సిల్కు మేజోళ్ళు, చేతిలో హ్యాటు, ఎవరొచ్చినా నడుం వంచి నమస్కారం. 1833లో ఆయన గౌరవార్థం 45 అడుగుల బొమ్మని రంగు దీపాలతో నిలబెట్టారు, వచ్చినవాళ్ళని పలకరించే మనిషికి అంత గౌరవం!

వాక్స్‌హాల్ 1859లో మూతపడి ఇళ్ళ స్థలాలైపోయింది. లండన్‌లోనే చెల్సీలో ఉన్న ఇలాంటి మరో తోట క్రెమోర్న్‌కైతే ఊరుకోలేక స్థానికులే అడ్డం తిరిగారు, గోల, తాగుబోతులు, అర్ధరాత్రి దాకా సందడి అని ఏళ్ళ తరబడి ఫిర్యాదులు పెట్టారు, చివరికి 1877లో అదీ మూసేశారు.