మొసలి పిల్లలు పెరిగాయి, వదిలే నీళ్ళే కరువయ్యాయి

తోలు కోసం వేట, గుడ్ల సేకరణ, ఆనకట్టలు, చేపల వలలు కలిసి 1970ల నాటికి మన దేశంలోని మూడు మొసలి జాతులను, అంటే మంచినీటి చెరువుల్లో, నదుల్లో ఉండే మగ్గర్, సన్నని పొడవాటి మూతి ఉన్న ఘరియల్, ఉప్పునీటి మొసళ్ళను, అంతరించే స్థితికి తెచ్చాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించినా, మిగిలిన కొద్దిపాటి మొసళ్ళు వాటంతటవే కోలుకుంటాయన్న భరోసా లేకపోవడంతో, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ నిపుణుడు హెచ్.ఆర్. బస్టర్డ్ సలహా మేరకు 1975లో కేంద్రం మొసళ్ళ సంరక్షణ ప్రాజెక్టును చేపట్టింది. నది ఒడ్డున దొరికిన గుడ్లను పొదిగించి, పిల్లలను సుమారు నాలుగడుగుల పొడవు వచ్చేదాకా పెంచి తిరిగి నీళ్ళలో వదలడం అందులోని పద్ధతి. సిబ్బందికి శిక్షణనిచ్చే కేంద్ర సంస్థను హైదరాబాద్‌లోనే నెలకొల్పారు. సంగారెడ్డి దగ్గరి మంజీరా 1978లో అభయారణ్యమైంది కూడా ప్రధానంగా మగ్గర్ల కోసమే.

1976లో రోములస్ విటేకర్, జై విటేకర్ మహాబలిపురం దారిలోని వడనెమ్మేలిలో మద్రాస్ క్రొకోడైల్ బ్యాంక్‌ను ప్రారంభించారు. బ్యాంకు అన్న పేరుకు తగ్గట్టే అక్కడి నిల్వ పెరిగింది. ఆవరణలోని మగ్గర్లలో కొన్ని ఏడాదికి రెండుసార్లు గుడ్లు పెట్టడంతో సంఖ్య వేలకు చేరింది. వదలడానికి అనువైన చెరువులు, నదులు మాత్రం ఆ వేగంతో దొరకలేదు. మొసలి తిరిగే నీటిలోకి స్నానానికీ పశువుల కోసమూ దిగక తప్పని ఊళ్ళవారి అభ్యంతరాన్ని తప్పుపట్టలేము. చివరకు 1990ల మధ్యకల్లా మగ్గర్ల సంతానోత్పత్తిని ఆపవలసి వచ్చింది. మిగిలిపోయిన మొసళ్ళే సందర్శకులకు పాఠమయ్యాయి. టికెట్ల డబ్బుతో వాటి మేత, పరిశోధన కొంతవరకు సాగాయి, మొసలి పట్ల జనంలో ఉన్న ఏహ్యభావమూ కొంత తగ్గింది. ఇది విలువైన పనే గానీ, నదిలో మొసలి బతకడానికి ఇది ప్రత్యామ్నాయం కాదు.

ఈ తేడా ఘరియల్ విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. పెంచిన పిల్లలను ఏళ్ళ తరబడి వదిలిన చంబల్ నదిలోనే 2007-08 చలికాలంలో వందకు పైగా ఘరియల్‌లు చనిపోయాయి. ఒడిశాలోని సత్కోసియా వద్ద మహానదిలో వందల సంఖ్యలో వదిలినా నిలిచినవి బహు తక్కువ. అక్కడ సహజంగా గుడ్లు పొదిగి 28 పిల్లలు కనిపించింది 2021లోనే. వలలో చిక్కిన ఘరియల్‌ను కాపాడి సమాచారమిచ్చిన జాలరికి ఆ రాష్ట్ర ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమతితో పాటు చిరిగిన వలకు పరిహారాన్ని కూడా ప్రకటించింది.