పిన్ పట్టిందంటే పాట వచ్చేసినట్టేనా?

ఫంక్షన్ హాళ్లలో సౌండ్ పెట్టడం నా పని. వైర్లన్నీ కోఠి గుజరాతీ గల్లీలోనే కొంటాను. అక్కడ 3.5 మి.మీ. సన్న పిన్‌ని ఈపీ అంటారు, మిక్సర్‌కి పెట్టే 6.35 మి.మీ. లావు పిన్‌ని పి38 అంటారు. ఈ లావుది టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కాలం నాటిది, ఇంకా రిటైర్ కాలేదు.

అపోహ: రెండు గీతలున్న (లోహం ముక్కల మధ్య కనిపించే ప్లాస్టిక్ చుట్లు) పిన్ అంటే స్టీరియోనే, అంటే ఎడమ, కుడి సౌండ్ వేరువేరుగా వచ్చేదే.

వాస్తవం: పిన్ మీద ఒక గీత ఉంటే మోనో, అంటే ఒకటే సిగ్నల్. రెండుంటే స్టీరియో కావచ్చు, బ్యాలెన్స్‌డ్ మోనో (గోల రాకుండా ఒకే సిగ్నల్‌ని మామూలుగా ఒకసారి, తిరగేసి ఒకసారి పంపేది) కూడా కావచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే. దీనివల్లే నాగోల్‌లో ఒక సంగీత్‌లో నా పరువు పోయింది. పెళ్లికూతురి చెల్లెలి డాన్స్ పాట. ఫోన్ నుంచి, రెండు కొసలా రెండు గీతల పిన్నే ఉన్న ఒకే వైరు తెచ్చి మిక్సర్‌లో ఒక మోనో లైన్ ఇన్‌పుట్‌కి గుచ్చాను. కోరస్, వయొలిన్లు వస్తున్నాయి, పాడే గొంతు మాయం! "అన్నా, కరోకే పెట్టినవా?" అని పిల్లలు ఒకటే నవ్వు.

జరిగిందేంటంటే, ఆ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్. పిన్ కొసన వచ్చే సిగ్నల్ లోంచి మధ్య రింగులో వచ్చేదాన్ని తీసేస్తుంది. గొంతు మామూలుగా ఎడమ, కుడి రెండిట్లో సమానంగా ఉంటుంది కాబట్టి తీసేస్తే మిగిలేది సున్నా. కావాల్సింది ఒక వైపు ఈపీ, రెండో వైపు రెండు మోనో పి38లు ఉన్న వైరు. అవి రెండు ఛానెళ్లకి వెళ్లాలి. ఇప్పుడు దానికి ఎర్ర టేపు చుట్టి విడిగా పెట్టుకుంటున్నాను.

అపోహ: బంగారు పూత పిన్‌తో సౌండ్ బాగుంటుంది.

వాస్తవం: తుప్పు పట్టదు, అంతే.

అపోహ: మైకున్న ఇయర్‌ఫోన్ ఏ ఫోన్‌కైనా సరిపోతుంది.

వాస్తవం: మూడు గీతల పిన్నుల్లో రెండు పద్ధతులున్నాయి: సీటీఐఏ, ఓఎంటీపీ. మైకు, ఎర్త్ స్థానాలు రెండిట్లో తారుమారు. పాట బోలుగా వినిపిస్తోందా? వైరు మీది బటన్ నొక్కి పట్టుకోండి. గొంతు తిరిగొస్తే తేడా అక్కడే. ఇప్పటి ఫోన్లలో ఎక్కువ సీటీఐఏవే.

అపోహ: సి-టైప్ కన్వర్టర్లన్నీ ఒకటే.

వాస్తవం: కొన్ని ఫోన్లు ఆ పోర్టు నుంచి నేరుగా అనలాగ్ ఆడియో ఇస్తాయి, చాలా ఫోన్లు ఇవ్వవు. వాటికి లోపల డీఏసీ చిప్ (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్ సౌండ్ సిగ్నల్‌గా మార్చేది) ఉన్న కన్వర్టరే కావాలి. షాపులోనే మీ ఫోన్‌కి పెట్టి, పాట విన్నాకే డబ్బులివ్వండి.