త్రిభువన్‌దాస్ పటేల్: సహకార విశ్వవిద్యాలయానికి పేరైన నాయకుడు

2025లో పార్లమెంటు చేసిన చట్టంతో గుజరాత్‌లోని ఆనంద్ పట్టణంలో, అప్పటిదాకా గ్రామీణ యాజమాన్య విద్యకు పేరొందిన ఇర్మా ప్రాంగణంలో, త్రిభువన్ సహకారీ విశ్వవిద్యాలయం ఏర్పడింది. అమూల్ అనగానే వర్గీస్ కురియన్‌ను తలచుకునే మనలో చాలామందికి ఈ పేరు కొత్తగానే వినిపించి ఉంటుంది. నిజానికి కురియన్ ఆనంద్‌లో అడుగుపెట్టేనాటికే అక్కడి పాడి రైతులకు సొంత సంఘం ఉంది. ఊరూరా తిరిగి దాన్ని నిలబెట్టిన నాయకుడు త్రిభువన్‌దాస్ కిశీభాయ్ పటేల్.

1903లో ఆనంద్‌లోనే పుట్టిన ఆయన గుజరాత్ విద్యాపీఠ్‌లో చదివి, గాంధీజీ మార్గంలో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చి, 1930లో జైలుకు వెళ్లారు. ఆయనను సహకారం వైపు నడిపించింది మాత్రం ఖేడా జిల్లా పాల సమస్య. 1945లో బొంబాయి ప్రభుత్వం నగరానికి పాలు అందించే పథకం చేపట్టి, ఖేడాలో సేకరణ హక్కును పోల్సన్ అనే ప్రైవేటు డెయిరీకి కట్టబెట్టింది. నగరంలో పలికే ధరకూ, గేదెను మేపి పాలు పితికిన కుటుంబానికి దళారుల చేతుల మీదుగా చేరే ధరకూ పొంతన ఉండేది కాదు. ధాన్యమైతే గిట్టుబాటు వచ్చేదాకా కొన్నాళ్లయినా గాదెలో నిలవ ఉంచుకోవచ్చు. పూట గడిస్తే విరిగిపోయే పాలను రైతు ఎంతకైనా అమ్ముకోక తప్పదు.

రైతులు ఈ గోడు సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్‌తో చెప్పుకోగా, పాల సేకరణా శుద్ధీ అమ్మకమూ మీ చేతుల్లోకి రానంతవరకు ఈ దోపిడీ ఆగదని ఆయన సలహా ఇచ్చి, మొరార్జీ దేశాయ్‌ను పంపారు. 1946 జనవరి 4న సమర్ఖా గ్రామంలో జరిగిన సభ సహకార సంఘాలు పెట్టుకోవాలనీ, ప్రభుత్వం ఒప్పుకోకపోతే పాలు పోయడం మానేయాలనీ తీర్మానించింది. 15 రోజుల పాల సమ్మెతో ప్రభుత్వం దిగివచ్చింది. ఏ పూటకాపూట పాల డబ్బుతో గడిచే ఇళ్లకు ఆ పక్షం రోజులు ఎంత భారమై ఉంటాయో పాడి ఉన్న ఊళ్లవారికి వేరే చెప్పనక్కర్లేదు. డిసెంబరు 14న కైరా (ఖేడాకు ఆంగ్లేయుల కాలపు పేరు) జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సమాఖ్య రిజిస్టరైంది. తర్వాత అమూల్‌గా పేరొందింది ఇదే. త్రిభువన్‌దాస్ దానికి అధ్యక్షుడయ్యారు.

1949లో ప్రభుత్వ క్రీమరీ (పాల పదార్థాల తయారీ కేంద్రం) ఉద్యోగిగా వచ్చిన కురియన్‌ను సంఘం పనిలోకి తెచ్చి, ఆనంద్‌లోనే ఉండిపోయేలా ఒప్పించింది కూడా ఆయనే. నా దృష్టిలో ఆయన చేసిన గొప్ప పని ఇదే: కర్మాగారాన్ని నిపుణులకు వదిలి, రైతుల నమ్మకాన్ని కాపాడే బాధ్యతను తాను తీసుకున్నారు. ప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా, రాజ్యసభ సభ్యుడిగా పనిచేసిన వ్యక్తి తన సంఘాన్ని పార్టీ అవసరాలకు వాడుకోకుండా ఉండటం అప్పటికీ ఇప్పటికీ అరుదే. ఆ అండతోనే హెచ్.ఎం. దలాయా వంటి ఇంజనీరు గేదె పాలతో పొడి తయారుచేసే విధానాన్ని సాధించగలిగారు. 1955 అక్టోబరు 31న నెహ్రూ ఆ పాలపొడి కర్మాగారాన్ని ప్రారంభించారు.

1963లో కురియన్, బొంబాయి పాల పథకాన్ని నడిపిన అధికారి దారా ఖురోడీలతో కలిసి ఆయనకు మెగసెసే పురస్కారం, మరుసటి ఏడాది పద్మభూషణ్ లభించాయి. 1970ల తొలినాళ్లలో అధ్యక్ష పదవి నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నప్పుడు గ్రామ సంఘాల సభ్యులు కృతజ్ఞతగా అందించిన 6 లక్షల రూపాయలతో ఆయన ఒక ఫౌండేషన్ స్థాపించారు. పాలు పోయించుకునే ఆ గ్రామ సంఘాల ద్వారానే అది ఖేడా పల్లెల్లోని తల్లులకూ పిల్లలకూ వైద్యసేవలు అందించసాగింది.